రెండు బోడినత్తలు, ఒక తడిచేతి మాట

ఊపిరి బిగబట్టుకున్న మనిషిని సముద్రం అడుగున వదిలేసి కథ చెప్పేవాడు కబుర్లాడుతూ కూర్చోకూడదు. నాకూ తెలుసు. కానీ ఏం చెయ్యను? జాలరి కొర్లయ్య ఆ మొసలిమూతి గుహలోకి తలకిందులుగా ఎందుకు దూరాడో తెలియకపోతే అతని కష్టం మీకు పట్టదు. అందుకని అతని ఊపిరి అయిపోయేలోగా గబగబా చెప్పేస్తాను, వినండి.

పగడవేల రాజ్యానికి కాబోయే రాణి కువలయాదేవి. తండ్రి స్వర్గస్థుడై ఏడాది తిరిగింది, పట్టాభిషేకానికి ముహూర్తం పెట్టారు. అంతలో పొగకొండ మాంత్రికుడు ధూమకుడు నల్లటి పొగమబ్బు మీద ఎక్కి వచ్చి, నిండు కొలువులో దిగి, తనను పెళ్లాడమన్నాడు. యువరాణి నోటికి తాళం లేని పిల్ల. "తమరు అద్దంలో మొహం చూసుకుని ఎన్నేళ్లయింది?" అంది. కొలువంతా పకపకా నవ్వింది. ధూమకుడు మాత్రం నవ్వలేదు. కమండలంలోని నీళ్లు ఆమె పాదాల మీద చల్లి, వచ్చిన మబ్బు మీదే వెళ్లిపోయాడు. ఆ క్షణం నుంచి ఆమె కాలివేళ్లు ఎర్రగా, గరుకుగా, రాయిలా మారసాగాయి. పగడం! మొదటి రోజు మడమలు, మూడో రోజు మోకాళ్లు, ఆరో రోజు నడుము. ఏడో రోజు పొద్దు కుంకేసరికి గుండె దాకా పాకుతుంది. ఆ తరవాత సింహాసనం మీద కూర్చునేది రాణి కాదు, బొమ్మ.

ఇవాళ ఏడో రోజు.

రాజవైద్యుడు పద్మపాణి తాళపత్రాలన్నీ తిరగేసి ఒకే ఒక్క మందు కనిపెట్టాడు. దాని పేరు నీలిబోడి. పగడాన్ని కొరికి తిని బతికే బోడినత్త అది. దాని ఒంటి జిగురు తేనెతో నూరి తాగిస్తే ఒంట్లో పాకిన పగడం కరిగిపోతుందట.

బోడినత్త అంటే నవ్వుతారేం? అదీ నత్తే, వీపున గుల్ల ఉండదు, అంతే. ఆ లోటు తీర్చడానికి సముద్రుడు దానికి పట్టుచీర కట్టి పంపాడు. బొటనవేలంత ఒళ్లు, ఆ ఒళ్లంతా నెమలికంఠపు నీలం. చుట్టూ పసుపుపచ్చని అంచు, అంచుకు లోపల దారమంత తెల్లగీత. తల మీద బుల్లి కొమ్ములు రెండు. వీపు చివర, పువ్వు విచ్చుకున్నట్టు మొప్పల కుచ్చు. అది పాకుతుంటే అంచు అలలు అలలుగా ఊగుతుంది. ఇంత అందగత్తెను ఏ చేపా ముట్టుకోదు.

చిక్కల్లా ఏమిటంటే, సముద్రుడు అదే చీర మరో రెంటికి కూడా కట్టాడు. ఒకటి అసలు నత్తే కాదు, ఆకులా పల్చటి పురుగు. దాన్ని దొంగబోడి అంటారు. దానికి కుచ్చు ఉండదు, కొమ్ముల్లా కనిపించేవి ఉత్త అంచు మడతలు. కళ్లున్నవాడెవడైనా పోల్చుకుంటాడు. రెండోది ఉంది చూశారూ, అది ప్రాణాంతకం! అదే నీలం, అదే పసుపు, అవే కొమ్ములు, అదే కుచ్చు. కానీ అది పగడం జోలికి పోదు. రాజుల ఇళ్లలో ఒళ్లు తోముకుంటారే, ఆ మెత్తటి సముద్రపు దూదిని తిని, అందులోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. దాని జిగురు చుక్క నాలుక మీద పడితే ఏనుగైనా లేవదు.

దాని పేరు కాస్త జాగ్రత్తగా వినండి. జాలరిపేట వాళ్లు నీటి మీద చెడ్డమాట పలకరు. పడవలో పామును పాము అనరు, పురుగు అంటారు. విషం అన్న మాట అసలే ఎత్తరు. అందుకని ఆ విషపునత్తను 'మంచిది' అంటారు. "మంచిదొచ్చింది, సెయ్యి తియ్యి" అని ఎవరైనా అరిస్తే, ప్రాణం దక్కించుకోమని అర్థం. ఆ మాట దానికే కేటాయించేశారు కనక పేటలో మరి దేన్నీ మంచిది అనరు. చేప బాగుంటుంది, కూర బాగుంటుంది, పెళ్లికూతురు బాగుంటుంది. కొర్లయ్య చిన్నప్పుడు పడవలో కూర్చుని మామిడిపండు కొరికి "మంచిది మావా!" అంటే, మేనమామ సత్తెయ్య చెంప ఛెళ్లుమనిపించాడు. తరవాత తనే దగ్గరికి తీసుకుని కళ్లు తుడిచాడు.

తల్లీతండ్రీ లేని కొర్లయ్యను పెంచింది ఆ సత్తెయ్యే. నత్తల విద్య నేర్పిందీ అతనే. "రంగుని నమ్మకురా. ఓ రాతి మీద ముదురుగుంటాది, ఇంకో రాతి మీద లేతగుంటాది. అంచు సూడు, కుచ్చు సూడు, ఆకరికి తిండి సూడు," అని పదేళ్లు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు. రెండేళ్ల కిందట పెద్ద తుఫానులో సత్తెయ్య కన్నకొడుకు గవరయ్య సముద్రంలో పోయాడు. ఆ తుఫాను నాడే కువలయాదేవి కోట తలుపులు బార్లా తీయించి, జాలరిపేటనంతా లోపలికి పిలిచి, నెల్లాళ్లు అన్నం పెట్టింది. ఆ అన్నం తిన్న కొర్లయ్య ఇవాళ నీలిబోడిని తెస్తానని కొలువులో మాటిచ్చాడు. తేలేకపోతే తల తీసేయమన్నాడు. సత్తెయ్య పడవలో, గుహకు సరిగ్గా పైన, కాచుకుని ఉన్నాడు.

అదుగో, ఊపిరి అయిపోవస్తోంది! దిగుదాం రండి.

గుహ లోపల పగడాలు కుంకుమ రాశులు పోసినట్టు ఉన్నాయి. కొమ్మ కొమ్మకీ బుల్లి బుల్లి పువ్వుల్లాంటి ప్రాణాలు నోళ్లు తెరిచి ఊగుతున్నాయి. ఆ ఎరుపులో ఇక్కడొకటి, అక్కడొకటి, నీలం. కొర్లయ్య మొదటిదాని మీద వేలి నీడ పట్టాడు. కదల్లేదు. కుచ్చూ లేదు. దొంగబోడి! పొమ్మన్నాడు. రెండోదాని మీద నీడ పట్టాడు. కుచ్చు చటుక్కున ముడుచుకుని, ఒంట్లో ఉన్న గూట్లోకి పూర్తిగా వెళ్లిపోయింది. తెల్లగీత చుట్టూ ఎక్కడా తెగలేదు. పైగా అది పగడపు కొమ్మను తీరిగ్గా కొరుకుతోంది. పక్కనే దాని జోడు. కొర్లయ్య రెంటినీ నీళ్లతో సహా చిన్న కుండలోకి పట్టి, మూతికి గుడ్డ బిగించాడు.

వెనక్కి తిరిగాడో లేదో, గుహ ద్వారం మూసుకుపోయింది. తలుపంత పీత! ఒక్కో డెక్క మనిషి ఎత్తుంది. ఎడమ డెక్క విసిరింది, కొర్లయ్య తల వంచాడు, రాయి పగిలింది. కుడి డెక్క విసిరింది, భుజం చీరుకుపోయింది. నీళ్లు ఎర్రబడ్డాయి. చెవుల్లో గంటలు మోగుతున్నాయి, రొమ్ము పగిలిపోతోంది. ఇక లాభం లేదని కొర్లయ్య మొలలో కత్తి తీసి, తన నడుముగుడ్డ కోసి, దాన్ని పీత కళ్ల మీదికి విసిరాడు. అది గుడ్డతో కుస్తీ పడుతుంటే దాని కాళ్ల సందుల్లోంచి దూరి, గోచీతో, కుండతో, ప్రాణంతో పైకి తేలాడు.

"కుండ! ముందు కుండ ఇయ్యిరా!" అన్నాడు సత్తెయ్య. ముందు కుండ అందుకుని, ఆ తరవాత మనిషిని అందుకున్నాడు.

"రెండు దొరికినాయి మావా! అంచు తెగనేదు. కుచ్చు గూట్లోకెల్లిపోయింది. నీలిబోడే!"

"నా మేనల్లుడివిరా నువ్వు! ఒల్లంతా రగతం... పడుకో. తెడ్డు నాను ఏస్తాను కదా."

మావ తలగుడ్డ చింపి కట్టు కట్టాడు. కొబ్బరినీళ్లు తాగించాడు. ఆ చేతుల్లో ఎప్పటిలాగే ధైర్యంగా అనిపించి కొర్లయ్య కళ్లు మూసుకున్నాడు. ఒడ్డు చేరేదాకా తెరవలేదు.

కోటలో మధ్యాహ్నం దాటింది. చంద్రకాంత శిలల మంటపంలో, పచ్చల తోరణాల కింద, దంతపు పీఠం మీద యువరాణి కూర్చుని ఉంది. నడుము దాకా ఎర్రటి పగడం, ఆ పైన చెమటలు పడుతున్న ఆడపిల్ల. చుట్టూ మంత్రులు, దండనాథులు, చెలికత్తెలు. సేనాని ఖడ్గధరుడు కత్తి ఒరలోంచి సగం లాగి నిలబడ్డాడు. మందు పారకపోతే కొర్లయ్య తలకాయ అతని వంతు.

పద్మపాణి కల్వం ముందు పెట్టుకుని అన్నాడు: "సత్తెయ్యా! నీళ్లలోంచి తీస్తే నత్తలన్నీ ఒకటే ముద్ద. నూరాక బ్రహ్మ దిగివచ్చినా పోల్చలేడు. పేటకి పెద్దవాడివి నువ్వు. నీ తడిచేతి మాట కావాలి."

పగడవేలలో తడిచేతి మాటకు సాక్షి అక్కర్లేదు. జాలరి చేతులు ఉప్పునీళ్లలో ముంచి, తుడుచుకోకుండా చెప్పిందే నిజం. తడిచేత్తో అబద్ధమాడినవాణ్ణీ, వాడి వాళ్లనీ సముద్రం మళ్లీ ఒడ్డుకు చేర్చదని వాళ్ల నమ్మకం. తాతముత్తాతల నాటి నుంచి ఆ తప్పు చేసినవాడు లేడు.

సత్తెయ్య గంగాళంలోని సముద్రపు నీళ్లలో మోచేతుల దాకా ముంచాడు. కుండ మూతి గుడ్డ విప్పి లోపలికి చూశాడు. నీళ్లు కారుతున్న చేతులు పైకెత్తి, తల మాత్రం దించుకుని అన్నాడు:

"అయ్యా, ఇది మంచిది."

"మంచిది! మంచిది!" అని కొలువంతా అందుకుంది. భేరీలు మోగాయి. చెలికత్తెలు హారతి పళ్లేలు వెలిగించారు. "మంచిదైతే త్వరగా పొయ్యండి, నడుము పట్టేసి ఛస్తున్నాను," అంది యువరాణి.

స్తంభం పక్కన నిలబడ్డ కొర్లయ్య చటుక్కున మావ వైపు తిరిగాడు. నోరు జారిందేమో అనుకున్నాడు. మావకు నోరు జారడమా? ఆ మాటకే తనను కొట్టిన మనిషికా? కోటలో ఉన్నాం కదా, కోట మాట మాట్లాడాడేమో అనుకున్నాడు. కానీ చేతులు తడిగా ఉన్నాయే! తడిచేతులతో ఉన్న జాలరి నోట ఆ మాటకు రెండో అర్థం లేదు. ఒక్కసారి తనవైపు చూస్తే చాలు, అంతా తన భ్రమేనని సరిపెట్టుకునేవాడు. సత్తెయ్య చూడలేదు.

ఈలోగా పద్మపాణి ఒక నత్తను తేనెతో నూరేశాడు. బంగారు గిన్నె యువరాణి పెదవుల దాకా వెళ్లింది.

కొర్లయ్య ఎగిరాడు. మంత్రి తలపాగా మీదుగా, హారతి పళ్లెం మీదుగా, భటుడి బల్లెం కింద నుంచి. గిన్నెను ఒక్క తన్ను తన్నాడు. అది ఖంగుమని గోడకు కొట్టుకుని దొర్లింది. మందంతా నేలపాలు!

"ద్రోహి!" అన్నాడు ఖడ్గధరుడు. కత్తి పూర్తిగా బయటికి వచ్చింది.

"ఆగండి సేనానీ!" అంది కువలయాదేవి. "తల తీశాక మాట్లాడలేడు. మాట్లాడించి తీద్దురుగాని, తల ఎక్కడికి పోతుంది?"

కొర్లయ్య ఆయాసపడుతూ చెప్పాడు. "తల్లీ, మా పేటలో మంచిదంటే ఇసం. మా మావ... మా మావ తడిసేత్తో నిజమే సెప్పాడు. మీకే తెల్నేదు."

సేనాని నవ్వాడు. "మంచిది అంటే విషమా? చెడ్డది అంటే అమృతమంటావు కాబోలు! తప్పించుకోడానికి భలే ఎత్తు వేశావురా!"

"ఇంకోటుంది కదా కుండలో. సూడండి."

కుండలో మిగిలిన నత్తను గంగాళం నీళ్లలోకి వదిలాడు. నీలం, పసుపు, కొమ్ములు, కుచ్చు. కొలువంతా మెడలు చాచింది. కొర్లయ్య చేత్తో నీడ పట్టాడు. కుచ్చు కాస్త ముడుచుకుంది, అంతే, గూట్లోకి పోలేదు. కుచ్చు వెనకాల తెల్లగీత గోటి మొనంత మేర తెగి ఉంది.

"ఇంతేనా?" అన్నాడు సేనాని. "ఈ గోరంత గీత కోసం మేం ఒక మనిషి మాట కాదనాలా?"

"అయితే దాన్నే అడుగుదాం," అన్నాడు కొర్లయ్య.

యువరాణిని పీఠంతో సహా ఎత్తించి, గంగాళాన్ని కిందికి జరిపించి, ఆమె పగడపు పాదాలు నీళ్లలో మునిగేట్టు పెట్టించాడు. చెలికత్తె పరుగున వెళ్లి స్నానాల గదిలోంచి ఒళ్లు తోముకునే సముద్రపు దూది తెచ్చింది. దాన్ని రెండో వైపు ముంచాడు. నత్తను నడిమధ్య వదిలాడు. పగడం తినేదైతే పగడం వైపు పోవాలి కదా!

నత్త తొందరపడలేదు. కొమ్ములు అటూ ఇటూ ఆడించింది. పాదం వైపే పాకింది. ఖడ్గధరుడి మీసం పైకి లేచింది. నత్త కొమ్ముల చివర్లు యువరాణి బొటనవేలికి తగిలాయి. చురుక్కుమన్నట్టు వెనక్కి లాక్కుంది. ఒళ్లంతా తిప్పుకుని, అంచు ఊపుకుంటూ, తిన్నగా దూది దగ్గరికి పోయి, దాని మీదికెక్కి సుఖంగా తినడం మొదలుపెట్టింది.

సేనాని కత్తి నేలకు దిగింది.

కొర్లయ్య మావ ముందుకు వెళ్లి నిలబడ్డాడు. "పడవలో మార్చీసినావా? నాను పడుకున్నప్పుడు?"

"అవును."

"ఎందుకు మావా?"

"గవరయ్యని తిరిగిత్తానన్నాడురా, ఆ పొగకొండోడు. నీలిబోడిని ఆడికి సేర్చీమన్నాడు. మంచిదాన్ని ఈడకి తెమ్మన్నాడు. కొడుకంటే ఆడొక్కడే కదరా నాకు."

"ఆ గిన్ని యువరాణమ్మ తాగీసుంటే ఈల్లు నా తల తీసీసుందురు. తెల్దా నీకు?"

"తెలుసు."

"నన్ను కొడుకులాంటోడంటావు కదా మావా! పేటంతా తిరిగి అందరికీ సెప్తావు కదా!"

"కొడుకులాంటోడివేరా," అన్నాడు సత్తెయ్య. "కొడుకువి కాదు."

పీత డెక్క భుజం కోసినప్పుడు ఏడవని కొర్లయ్యకు ఈ మాటతో కళ్లనిండా నీళ్లొచ్చాయి. ఎత్తుకు పెంచినవాడు, అన్నం ముద్దలు కలిపి పెట్టినవాడు, కట్టు కట్టి పడుకోబెట్టి, ఆ పడుకున్న మనిషి పక్కనే కూర్చుని నత్తలు మార్చాడు! కొర్లయ్యకు ఒళ్లు మండిపోయింది. సత్తెయ్య మణికట్లు రెండూ పట్టుకుని లాక్కెళ్లి గంగాళంలో ముంచాడు.

"ఇప్పుడు సెప్పు. నీలిబోడి బతికుందా?"

"ఉంది. పొగకొండ గుహలో, ధూమకుడి గాజు జాడీలో. నాను ఇంకో కుండలోకి మార్సితే ఆడి పొగమబ్బొచ్చి పట్టుకెల్లింది."

"పొద్దు కుంకేలోగా తేగలమా?"

"సుడిగుండాల మధ్యనుంచి ఓ దారుంది. రాజుగారి ఓడలు పట్టవు. మన పడవొక్కటే పడతాది. తేగలం."

"నీ గవరయ్యని సూసినావా?"

సత్తెయ్య మొహం ఒక్కసారి వెలిగింది. "సూసినానురా! నీటి మీద నిలబడి నాన్నా అన్నాడు. అదే మొహం, అదే గొంతు."

"సిన్నప్పుడు గాలం గుచ్చుకుని గవరయ్య ఎడం సెవి సిరిగింది కదా. ఆడికి ఆ సిరుగుందా?"

సత్తెయ్య చేతులు నీళ్లలోంచి లాక్కోబోయాడు, కొర్లయ్య వదల్లేదు.

"అంచు సూడు, కుచ్చు సూడు, తిండి సూడు అన్నావు," అన్నాడు కొర్లయ్య. "బొటనవేలంత నత్తని ఇన్ని రకాలుగా సూడమన్నోడివి, కన్నకొడుకుని సూసుకోనేదా మావా?"

"సూడనేదురా," అన్నాడు సత్తెయ్య. "సూస్తే ఆడు కాడని తెలిసిపోద్దేమోనని బయమేసింది."

కొలువులో కొందరు ముఖాలు తిప్పుకున్నారు. పగడం అప్పటికి యువరాణి పక్కటెముకలను తాకింది. నోటికి తాళం లేని పిల్ల ఇప్పుడు ఊపిరి కూడదీసుకుని ఒక్కో మాటే అంటోంది. "కొర్లయ్యా... పొద్దు... చూడు." సముద్రం మీద సూర్యుడు మూడు తాటిచెట్ల ఎత్తున ఉన్నాడు.

"వీణ్ణి చెరసాలలో వేసి, నువ్వొక్కడివే వెళ్లు," అన్నాడు ఖడ్గధరుడు.

"దారి ఆయనికే తెలుసు దొరా," అన్నాడు కొర్లయ్య.

ఇద్దరూ ఒడ్డుకు పరిగెత్తారు. పడవ దగ్గర సత్తెయ్య ఆగి, భోరుమని ఏడ్చాడు. పంచె చెంగుతో కళ్లు తుడుచుకున్నాడు, మొహం తుడుచుకున్నాడు, చేతులు తుడుచుకున్నాడు, వేళ్ల సందులతో సహా.

"పద కొర్లా," అన్నాడు. "గుహలోకి దారి నాను సూపిత్తాను. ఈసారి నిన్ను మోసం సెయ్యను. నా మాట."

కొర్లయ్య ఆ చేతులు చూశాడు. పొడిగా ఉన్నాయి.

వెనక కోట బురుజు మీద భేరి మోగుతోంది. ఆ దారిలో పట్టే పడవ ఇంకోటి లేదు, దారి తెలిసినవాడు ఇంకొకడు లేడు. కొర్లయ్య పడవెక్కి, కత్తి మోకాళ్ల మీద పెట్టుకుని, ఖాళీ కుండను ఒళ్లోకి తీసుకుని, మావకు ఎదురుగా కూర్చున్నాడు. పడవ సుడిగుండాల వైపు తిరిగింది. సత్తెయ్య తెడ్డు వేస్తున్నాడు, ఒక్క నీటిచుక్క కూడా చేతుల మీద పడకుండా.